లారీ ఎక్కేలోపు ఒక ఫోటో

ఆళ్లగడ్డ నుంచి ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. శిల్పుల ఇంటి పిల్లవాడు. ఉలి పట్టడం తాత దగ్గర నేర్చుకున్నాడు, ఇప్పుడు షెడ్డుకు వచ్చే ఆర్డర్లు, ఫోన్లు, లెక్కలు అన్నీ తనే చూసుకుంటున్నాడు. "అన్నా, పెద్ద డీఎస్‌ఎల్‌ఆర్ కొనమంటావా, జోబులో పట్టే చిన్న కెమెరా సరిపోతుందంటావా?" అని అడిగాడు. నంద్యాలలో కెమెరా పట్టుకుని తిరిగే నాలాంటివాళ్లను ఈ మాట అడగనివాళ్లు లేరు. మామూలుగా ఫోన్లోనే చెప్పేస్తాను. ఇతనికి మాత్రం షెడ్డు దగ్గరికే వస్తానన్నాను. ఎందుకంటే ఆ ఊళ్లో కెమెరా చేసే పని వేరు.

ఆళ్లగడ్డలో చెక్కిన దేవుడు ఆళ్లగడ్డలో ఉండడు. నల్లరాతి దిమ్మెగా వచ్చినవాడు నెలల తరబడి ఉలి దెబ్బలు తిని, ఒకరోజు గడ్డి పరుపు మీద పడుకుని లారీ ఎక్కి వెళ్లిపోతాడు. ఎక్కడో ఒక ఊళ్లో ప్రాణప్రతిష్ఠ జరుగుతుంది. ఆ తర్వాత మనకు కనబడేది పట్టుబట్ట, పూలమాలలు, వెండి కవచం, హారతి వెలుగులో ముఖం. గర్భగుడిలో కెమెరా తియ్యకూడదు, తియ్యనివ్వరు, అది న్యాయమే. కానీ ఆ బట్ట కింద ఉన్న నడుము ఒంపు, యజ్ఞోపవీతం పోగు, వెనకవైపు జడ అల్లిక, పీఠం మీద తామర రేకులు మళ్లీ చూసే మనిషి పూజారి ఒక్కడే. చెక్కినవాడు కూడా చూడలేడు. అంటే షెడ్డులో తీసిన ఫోటోయే ఆ పనికి మిగిలే సాక్ష్యం. అది తప్పుగా ఉంటే శిల్పి పని తప్పుగా ఉన్నట్టే లెక్క.

వెళ్లేసరికి లక్ష్మీనరసింహుడు తయారవుతున్నాడు. కూర్చున్న మూర్తి, తొడమీద అమ్మవారు. కటింగ్ మిషన్ ఆగింది కానీ గాలిలో రాతిపొడి ఇంకా దిగలేదు. కుర్రాడి తాత, అందరూ ఆచారిగారు అనే పెద్దాయన, ఫోన్‌లో మనవడు తీసిన ఫోటో చూపించి, "ఇది నా బొమ్మ కాదు సామీ. మోకాళ్లు చూడు ఎట్లుండాయో. నేనిట్ల కొట్టలేదు" అన్నారు. కోపం లేదు ఆ మాటలో, బాధ ఉంది. ఫోటోలో మోకాళ్లు గుమ్మడికాయల్లా ఉబ్బి, ముఖం వెనక్కి పోయి చిన్నదైంది.

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. ప్రధాన దేవతామూర్తులకు ఉత్తమ దశతాళమని ఒక కొలత ఉంది. నిలబడిన మూర్తి ఎత్తును అంగుళాలనే 124 సమభాగాలుగా విడదీసి, ముఖం ఇంత, మెడ ఇంత, తొడ ఇంత అని లెక్క కడతారు. అమ్మవార్లకు మధ్యమ దశతాళం, 120. ఒక భాగం అటూ ఇటూ అయితే పెద్దవాళ్ల కంట్లో పడుతుంది. ఇంత లెక్కగా చెక్కినదాన్ని దగ్గర నుంచి వైడ్ లెన్సుతో తీస్తే ఆ లెక్కంతా ఒక్క క్షణంలో చెదిరిపోతుంది.

దీనికి పెద్ద శాస్త్రం అక్కర్లేదు. కూర్చున్న మూర్తికి మోకాళ్లు ముఖం కంటే ఒక అడుగు ముందుకుంటాయనుకుందాం. మోకాళ్లకు రెండడుగుల దూరంలో కెమెరా పెడితే ముఖం మూడడుగుల దూరంలో ఉన్నట్టు. ఉండాల్సినదానికి మోకాలు ఒకటిన్నర రెట్లు పెద్దగా పడుతుంది. అదే మోకాళ్లకు పదడుగుల దూరానికి జరిగితే పదికి పదకొండు, తేడా పదో వంతు. కంటికి తెలియదు. బొమ్మ రూపాన్ని చెడగొట్టేది లెన్సు కాదు, మనం నిలబడ్డ దూరం. దూరం జరిగాక బొమ్మను దగ్గరికి తెచ్చుకోవడానికి నిజమైన ఆప్టికల్ జూమ్ కావాలి. ఫోన్లో మెయిన్ కెమెరా వైడ్ లెన్సే. వేళ్లతో లాగి పెద్దది చేస్తే బొమ్మ పగులుతుంది తప్ప వివరం రాదు.

కాబట్టి కుర్రాడి ప్రశ్నకు మొదటి జవాబు, రెండు కెమెరాలూ పనికొస్తాయని. డీఎస్‌ఎల్‌ఆర్‌తో పాటు వచ్చే 18-55 లెన్సును 55 దగ్గర పెట్టి పదడుగుల నుంచి తీస్తే రూపం సరిగా వస్తుంది. సోనీ 2012లో తెచ్చిన ఆర్ఎక్స్100 లాంటి చిన్న కెమెరాలో జూమ్ చివరిదాకా లాగినా అంతే. పగటి వెలుగులో, కదలని బొమ్మ ముందు, వాట్సాప్‌లో పంపే ఫోటోకు ఈ రెంటి మధ్య తేడా చెప్పడం నాకే కష్టం. పైగా వాట్సాప్ మామూలుగా పంపిన ఫోటోను నలిపి చిన్నది చేస్తుంది. కొనేవాళ్లకు ఉలి గీత కనబడాలంటే డాక్యుమెంట్‌గా పంపాలి. చాలామంది కెమెరా మీద పోసిన డబ్బు ఈ ఒక్కచోట కారిపోతుంది.

తేడా నల్లరాయి దగ్గర మొదలవుతుంది. కెమెరాలో వెలుగు కొలిచే మీటరు లోకమంతా నడిమి బూడిదరంగులో ఉంటుందనుకుంటుంది. ఎదురుగా నల్లరాయి నిండితే చీకటిగా ఉందనుకుని వెలుగు పెంచేస్తుంది. నూనె రాసిన కృష్ణశిల బూడిద పూసినట్టు వస్తుంది. ఎక్స్‌పోజర్ ఒక స్టాపు (వెలుగు సగానికి), ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ తగ్గించాలి. అంటే చేత్తో మార్చుకునే వీలు కెమెరాకు ఉండి తీరాలి. ఎదురు నుంచి ఫ్లాష్ వేస్తే రాయి మీద తెల్లమచ్చ పడి చెక్కడం చదునైపోతుంది. పొద్దున ఏటవాలుగా వచ్చే ఎండలోనో, పక్కనుంచి పెట్టిన ఒక్క దీపంతోనో తీస్తే నగల మీది ప్రతి గింజా నీడతో లేస్తుంది. ఆచారిగారు చెక్కేటప్పుడు లోతు చూసుకునేదీ పక్క వెలుగులోనే. ఫోటోగ్రాఫరుకు ఆయన పనితీరే పాఠం.

ఆ తర్వాత దుమ్ము. ఆ షెడ్లలో డీఎస్‌ఎల్‌ఆర్ లెన్సు మార్చకూడదు, లోపలి సెన్సరు మీద రాతిపొడి పడుతుంది. పడినా శుభ్రం చేయించుకోవచ్చు. చిన్న కెమెరాకు ఆ వీలు లేదు. ఆన్ చేసిన ప్రతిసారీ దాని లెన్సు గొట్టం బయటికి వచ్చి లోపలికి పోతుంది. ఆ సందులో ఒక్క రేణువు ఇరుక్కుంటే కెమెరా మొత్తం విప్పాలి. జేబు కెమెరాలు ఎక్కువగా చచ్చేది ఇలాగే.

ఇక డబ్బు సంగతి. 2010లో ప్రపంచవ్యాప్తంగా 12 కోట్లకు పైగా డిజిటల్ కెమెరాలు కంపెనీల నుంచి బయటికొచ్చాయి, అందులో ఎక్కువభాగం జేబు కెమెరాలే. వాటిని ఫోన్ మింగేసింది. చవక జేబు కెమెరాలో సెన్సరు చిటికెన వేలి గోరంత, ఆ పని మంచి ఫోనే చేస్తుంది కాబట్టి దానికి డబ్బు పెట్టొద్దంటాను. ఒక అంగుళం రకమనే పెద్ద సెన్సరున్న జేబు కెమెరాలు వేరు, అవి నిజంగా మంచివి, కానీ కొత్తవి కొంటే మామూలు డీఎస్‌ఎల్‌ఆర్ ధర దాటిపోతాయి. మరోవైపు కెనాన్, నికాన్ రెండూ 2020 తర్వాత కొత్త డీఎస్‌ఎల్‌ఆర్ తేలేదు, లోపల అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాల వైపు వెళ్లిపోయాయి. పెళ్లిళ్లు తీసే స్టూడియోలవాళ్లు కూడా మారుతున్నారు. దాంతో మంచి డీఎస్‌ఎల్‌ఆర్‌లు సెకండ్‌హ్యాండ్‌లో అందుబాటు ధరకు దిగాయి. కొనేముందు షట్టరు ఎన్నిసార్లు కొట్టిందో అడగండి. లెన్సులోకి టార్చి వేసి సాలెగూడులాంటి బూజు ఉందేమో చూడండి.

అందుకే కుర్రాడికి పాత డీఎస్‌ఎల్‌ఆరే కొనమన్నాను. షెడ్డులో బరువు సమస్య కాదు, బొమ్మ పారిపోదు, కెమెరా స్టాండు మీదే ఉంటుంది. మిగిలిన డబ్బుతో స్టాండు, ఇంకా మిగిలితే 50 ఎంఎం ఎఫ్1.8 లెన్సు. ఈ చిన్న లెన్సు గురించి నాకు పక్షపాతం ఉంది, చెప్పనివ్వండి. 55 దగ్గర ఎఫ్5.6 మాత్రమే తెరుచుకునే కిట్ లెన్సు కంటే ఇది దాదాపు పదింతల వెలుగు తీసుకుంటుంది. సంక్రాంతి తర్వాత అహోబిలేశుడు పార్వేటకు బయలుదేరి, తన పెళ్లికి తనే పిలుచుకుంటూ నలభై రోజులకు పైగా ఆళ్లగడ్డ చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరుగుతాడు. రాత్రిపూట పల్లకీ ఊళ్లోకి వచ్చేసరికి వీధి దీపం, హారతి పళ్లెం తప్ప వెలుగుండదు. మోసే భుజాలు కదులుతూనే ఉంటాయి. అక్కడ ఫ్లాష్ కొట్టడం నాకు అపచారంలా అనిపిస్తుంది. ఆ లెన్సుంటే అవసరం రాదు.

అయితే అదే అహోబిలానికి నడిచి వెళ్లేవాళ్లు ఎవరైనా అడిగితే నా జవాబు తిరగబడుతుంది. ఎగువ అహోబిలం నుంచి జ్వాలా నరసింహుడి దాకా రాళ్ల మీద ఎక్కాలి, వాగు దాటాలి, ఉగ్రస్తంభం దాకా పోవాలనుకుంటే చేతులు రెండూ ఖాళీగా ఉండాలి. మెడలో కిలో బరువు ఊగుతుంటే కాలు చూసుకోవాలా, కెమెరా చూసుకోవాలా? అక్కడ పావుకిలో కెమెరా జేబులో ఉన్నవాడే ఫోటో తీసుకుని వస్తాడు. మహానంది కోనేటి నీళ్లకూ, యాగంటి బసవన్నకూ, పిల్లల స్కూలు ఫంక్షన్లకూ అదే చాలు. బేలం గుహల్లో పసుపు దీపాల వెలుగు చాలా తక్కువ, అక్కడ పెద్ద సెన్సరు గెలుస్తుంది. రోళ్లపాడులో కృష్ణజింకల కోసం కాచుకునేవాళ్లకు పొడుగు లెన్సు లేకుండా గడవదు. వాళ్లకు నేను చెప్పేదేమీ లేదు, నాకన్నా వాళ్లకే ఎక్కువ తెలుసు.

ఆ రోజు సాయంత్రం నా కెమెరాతోనే తీశాం. పదడుగులు వెనక్కి జరిగి, కెమెరాను వంచకుండా మూర్తి నడిమి ఎత్తున స్టాండు మీద నిలబెట్టి, ఎక్స్‌పోజర్ ఒక స్టాపు తగ్గించి. తెర మీద పెద్దది చేసి చూపిస్తే ఆచారిగారు చాలాసేపు ముఖం దగ్గర ఆగి, తర్వాత వేలితో మోకాలి మీదికి జరిపి, "ఇదీ మన బొమ్మ" అన్నారు. మనవడు వెంటనే వెనకవైపు కూడా తీద్దామన్నాడు. అది నేను అనాల్సిన మాట, అతనే అన్నందుకు సంతోషమేసింది.

ఆళ్లగడ్డ శిల్పానికి భౌగోళిక గుర్తింపు ఉంది. ఊరి పేరుకు అది రక్షణ. ఏ చేయి ఏ మూర్తిని చెక్కిందో మాత్రం ఏ పత్రమూ చెప్పదు. శిల్పుల ఇళ్లలోని పిల్లలకు ఒక్క మనవి. ఏ కెమెరా ఉంటే దానితోనే, మూర్తి లారీ ఎక్కేలోపు ముందు, వెనక, రెండు పక్కలా నాలుగు ఫోటోలు తియ్యండి. పక్కన కొలబద్ద పెట్టండి. చెక్కినవాళ్ల పేర్లు, తేదీ, చేరబోయే ఊరు రాసి, రెండు చోట్ల భద్రపరచండి. ఈ వారమే మొదలుపెట్టండి.