అధ్యక్షపీఠానికి అరువు మాటలు

విద్యాగోష్ఠులకు అధ్యక్షత వహించేవారి కోసం ఇంగ్లీషు వాక్యాలు సమకూర్చిన చేతిపుస్తకాలు విరివిగా దొరుకుతున్నాయి. "లెట్ అస్ మూవ్ ఆన్", "ఐ టేక్ యువర్ పాయింట్", "విత్ డ్యూ రెస్పెక్ట్" మొదలైనవి ఏ సందర్భంలో పలకాలో ఇవి చెబుతాయి. వీటి అవసరం లేదనలేము. తలుపుల, కదిరి ప్రాంతాల ముస్లిం విద్యార్థికి ఇంట్లో దక్కనీ, బడిలో తెలుగు. తీరా విశ్వవిద్యాలయంలో అడుగుపెడితే గోష్ఠి అంతా ఇంగ్లీషు. విషయం తెలిసీ నోరు పెగలదు.

అయితే ఈ పుస్తకాలు మాటను మర్యాదగా ఆపడం నేర్పుతాయి గాని, ఎందుకు ఆపాలో చెప్పవు. 1876లో అమెరికా సైనికాధికారి హెన్రీ రాబర్ట్ ప్రకటించిన నియమావళి తీర్మానాలు చేసే సభలకు ఉద్దేశించినది. విద్యాగోష్ఠిలో చేతులెత్తించి సత్యం తేల్చలేము గదా!

ఈ పనికి మన మదరసాలలో ఒక శాస్త్రమే ఉంది: మునాజరా. దర్సె నిజామీలో చదివే 'రషీదియా' 1672లో మరణించిన జౌన్‌పూరు పండితుడు అబ్దుర్రషీద్ రచించిన వ్యాఖ్య. ఈ శాస్త్రం ప్రకారం ప్రశ్నించేవానికి మూడు దారులున్నాయి. వాదంలోని ఒక మెట్టును అంగీకరించక ఆధారం అడగడం మనా. వాదం మొత్తం చెల్లదని చూపడం నక్జ్. ఎదుటివాని నిర్ణయానికి విరుద్ధమైనదాన్ని వేరే ఆధారంతో నిలబెట్టడం ముఆరజా. "ఐ డిజగ్రీ" అనే ఒక్క మాట ఈ మూడింటినీ కలిపేసి మరుగుపరుస్తుంది. ప్రశ్న అడగవలసినవాడు వాది స్థానాన్ని ఆక్రమించి ఉపన్యాసానికి దిగితే దానికి గస్బ్ అని పేరు. మన సదస్సులలో ఈ జబ్బు ఎంత ముదిరిందో చెప్పనక్కరలేదు. పెద్దలు ప్రశ్న పేరిట పావుగంట మాట్లాడతారు. "టైమ్ ఈజ్ షార్ట్" అన్న వాక్యం మాత్రం వెనుక వరుసలోని విద్యార్థి లేచినప్పుడే బయటికి వస్తుంది.

మునాజరాలోనూ లోటు లేకపోలేదు. అది గ్రంథాలను కంఠస్థం చేసే పాఠంగా మిగిలి, గెలుపు పంతాలకు ఆయుధమైన సందర్భాలున్నాయి. అయినా అందులోని విభజన నేటికీ పనికివస్తుంది. "తమరు ఏ మెట్టును ఒప్పుకోవడం లేదు? దానికే ఆధారం అడగండి" అని అధ్యక్షుడు తెలుగులో అన్నా చాలు. ఆ వాక్యాన్ని ఇంగ్లీషులోనూ చేర్చితే ఈ చేతిపుస్తకాలు కొన్నవారి డబ్బు వృథా కాదు.