వేషము, ఛాయాచిత్రము, కొయ్యకత్తి

మా యింటి నడవలో, గోడగడియారమునకు క్రింద, మా మాతామహుడు నాటకమున ధరించిన రాజవేషముతో నిలిచియున్న పాత ఛాయాచిత్ర మొకటి వ్రేలాడుచుండెడిది. తలపై కాకిబంగారపు కిరీటము, భుజములపై జరీ దుప్పటి, నడుమున కొయ్యకత్తి, వెనుక తెరపై చిత్రించిన స్తంభములు. పసితనమున నే నా పటమును చూచి మురియునప్పుడు మా యమ్మమ్మ "ఒరే బాబూ, ఆ పటంలో మీ తాత ఉన్నాడు గాని రాజు లేడు; రాజుని చూడాలంటే ఆ రాత్రి పందిట్లో ఉండాలి" అనుచుండెడిది. ఆ మాటలోని మర్మము, సముద్రముల కావలి సంపన్నుల వేడుకకు సంబంధించిన కొన్ని చిత్రములను చూచునంతవఱకు నాకు బోధపడలేదు.

విక్టోరియా రాణి వజ్రోత్సవముల సందర్భమున, 1897 జూలై 2వ తేదీ రాత్రి, లండను నగరమున డెవన్‌షైర్ డ్యూకు దంపతులు తమ భవనమందు వేషధారుల విందు నొకదానిని జరిపిరి. 1815వ సంవత్సరమునకు పూర్వపు చారిత్రక వేషమునో, ప్రతీకాత్మక వేషమునో ధరించి రావలెనని నియమము. సుమారు 700 మంది అతిథులు వచ్చిరి. గృహిణి యగు డచెస్ ప్యారిస్‌లోని వర్త్ సంస్థవారు కుట్టిన వస్త్రములతో పాల్మైరా రాణి జెనోబియాగా వెలసెను. లఫాయెట్ స్టూడియోవారు ఉద్యానమున గుడారము వేసి, అతిథులను నిలువబెట్టి చిత్రములు తీసిరి. అవి 1899లో సంపుటముగా వెలువడినవి.

ఆ చిత్రములను చూడగా కుట్టుపనిలోని ప్రతి సూదిపోటును గౌరవింపవలె ననిపించును. కాని రాణులలో రాణిత్వము గాని, వీరులలో శౌర్యము గాని కానరాక, చేతులను ఎక్కడ నుంచవలెనో తెలియని మనుష్యులు మాత్రమే కానవత్తురు. తొలినాటి ఛాయాగ్రాహకులు తడి కొలోడియన్ పలకపై చిత్రము తీయునప్పుడు కొన్ని క్షణములు కదలకుండుటకై మెడ వెనుక ఇనుప ఊతను అమర్చెడివారు. పొడి పలకలు వచ్చి ఆ యవసరము తగ్గినను, బిగిసి నిలుచు నలవాటు మాత్రము పోలేదు. 1870లో మాంట్రియల్ నగరమున మంచుపై జరిగిన వేషధారుల క్రీడోత్సవమును విలియం నాట్‌మన్ చిత్రించుటకై, ఒక్కొక్కరిని స్టూడియోలో వేర్వేరుగా తీసి, కత్తిరించి, రంగులు వేసిన దృశ్యముపై అతికించెను. చిత్రమున కన్పించు నా సమ్మేళన మా రూపమున ఏనాడును జరుగలేదు.

లండనున ఆ విందు జరిగిన 1897లోనే మా విజయనగరమున ఆనందగజపతి మహారాజు పరమపదించిరి. ఆయనకు అంకితమైన గురజాడవారి కన్యాశుల్కము అచ్చయినదియు ఆ యేడే. 1892లోనే ఆ నాటకమును జగన్నాథ విలాసినీ సభవారు ప్రదర్శించియుండిరి. ఈ సీమలో వేషము ఒక రాత్రి వినోదముతో ముగియునది కాదు. అది జీవనోపాధి, మ్రొక్కుబడి, విద్య. పగటివేషగాండ్లలో అర్ధనారీశ్వర వేషము కట్టినవాడు ముఖమున సగమును తెరగుడ్డతో మఱుగుపఱచి, ఈ ప్రక్కకు తిరిగి శివుడై పలికి, ఆ ప్రక్కకు తిరిగి పార్వతియై బదులు చెప్పును. వానిని ఎదుట నిలువబెట్టి చిత్రము తీసినచో సగము మీసము, సగము కాటుక మాత్రమే దక్కును; ఆ తిరుగుటలోని విద్య జాఱిపోవును.

విజయదశమి తరువాతి మంగళవారమున మా యూరి పైడితల్లి అమ్మవారి సిరిమాను ఊరేగింపు కోటవైపు సాగునప్పుడు, అంజలి రథముపై స్త్రీవేషధారులైన పురుషులు అక్షతలు చల్లుచుందురు. వారిని చూచి జనము నవ్వదు, చేతులు జోడించును. ఆ జోడించిన చేతులే వారి వేషమునకు ప్రాణము. కథ చెప్పువానికి ఊకొట్టువా డెట్లో, వేషధారికి ప్రేక్షకు డట్లు. కెమెరా చూచును గాని ఊకొట్టదు.

ఇప్పుడు మా యమ్మమ్మ లేదు, ఆ రాత్రి పందిట నుండిన వారెవ్వరును లేరు, మిగిలినది పటమొక్కటే. మొన్న దానిని దించి, దుమ్ము తుడిచి, వెలుతురున చూచితిని. ముఖము బిగిసియే యున్నది. కాని కొయ్యకత్తి పిడిపై తాతగారి వ్రేళ్లు, కణుపులు తేలునంత గట్టిగా బిగిసియున్నవి. కొయ్యకత్తి నంత గట్టిగా పట్టుకొన నవసరము లేదు. రాజు లేడన్న అమ్మమ్మ మాట నిజమే. కాని రాజు కావలెనని మనసార కోరిన మనుష్యు డొకడు ఆ పిడికిట నున్నాడు. జెనోబియాగా నిలిచిన ఆ డచెస్ చిత్రమును సైతము ఇకమీద కిరీటము విడిచి, చేతులనుండి చూడ మొదలిడెదను.