ఊహాపోహములు – రహస్యకథ: బళ్లారి సరిహద్దు ప్రేక్షకుని దృష్టి

ఊహాపోహ లను మాటకు నేటి వ్యవహారమున మంచి పేరు లేదు. ఆధారము లేని వదంతి యను అర్థముననే దానిని వాడుచున్నారు. శాస్త్రచర్చలలో దాని విలువ వేరు. కనబడిన గుర్తులనుబట్టి కనబడని దానిని నిశ్చయింప జూచుట ఊహ; ఆ నిశ్చయమునకు పొసగని పక్షములను తొలగించుట అపోహ. రెండును కలిసిననే విచారణ యగును. కథ సగములో నిలిచినప్పుడు, తరువాయి భాగము కొరకు కాచుకొనియున్న పాఠకుడో ప్రేక్షకుడో చేయు పని శాస్త్రార్థమున ఊహాపోహమా, లేక వట్టి వదంతియా? రహస్యకథను గూర్చిన విమర్శ యంతయు ఒక విధముగా ఈ ప్రశ్నమీదనే ఆధారపడియున్నది. ఏలయన, ప్రేక్షకుడు ఊహించుటకు వీలుగా కథ నిర్మింపబడినదా లేదా యన్నదే ఆ కథ మేలి కీడులకు గీటురాయి.

ఈ విషయమును బళ్లారి తాలూకాలోని రూపనగుడి వంటి సరిహద్దు గ్రామమునుండి చూచుట ఉచితము. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్ర మేర్పడినప్పుడు ఆదవాని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమునకు రాగా, బళ్లారి తాలూకా మైసూరు రాష్ట్రమున చేరినది. ఎల్ల మారినది గాని నోటిమాట మారలేదు. ఈ ప్రాంతపు తెలుగువానికి ఇంట తెలుగు, బడిలోను కచేరీలోను కన్నడము. అతడు రెండు భాషల కథలను వినును, రెండు భాషల చిత్రములను చూచును. తెలుగు కథ ఒకటి ఎల్ల దాటి కన్నడమునకు పోయినను, తెరపై తెలుగుగానే నిలిచినను, ఆ రెండు స్థితులును అతనికి పరిచితములే.

తెలుగున రహస్యకథాపాఠకుడు అడుగుచు వచ్చిన ప్రశ్న చిరకాలము ఒక్కటే: ఎవరు? కొమ్మూరి సాంబశివరావు నవలలలో డిటెక్టివు యుగంధరును, అతని సహాయకుడు రాజును కనబడగానే పాఠకుడు మూడవ పరిశోధకుడై వారి వెంట నడచెడివాడు. 'ఉరితాడు', 'చావుకేక' వంటి పేర్లు చూచి పండితులు ముఖము చిట్లించిరి. అద్దె పుస్తకములు చదివిన బాలురు మాత్రము వానిలోనే అనుమానించుట నేర్చిరి. అది తక్కువ విద్య కాదు. 1980 దశకారంభమున ఆంధ్రభూమి వారపత్రికలో వచ్చిన యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం' ప్రశ్ననే మార్చివేసినది. పసిపిల్లను పీడించునది క్షుద్రప్రయోగమా, శరీరవ్యాధియా? మాంత్రికుడొక వైపు, వైద్యుడొక వైపు. వారము వారము పాఠకలోకము రెండుగా చీలి వాదించుకొనుటకు తగిన పొందిక ఆ కథలోనే కలదు. కన్నడములోనికి పోయి 1985లో చలనచిత్రమైనప్పుడు సరిహద్దు పాఠకునకు అది రెండవమారు ఎదురైన కథయే.

దూరదర్శన ధారావాహికల విషయమున ఇంత గౌరవముగా చెప్పుటకు వీలు లేదు. 1995 ఆగస్టు 27వ తేదీన ఈటీవీ ప్రసారములు ప్రారంభమైన పిమ్మట తెలుగిండ్లకు ధారావాహిక నిత్యాతిథి యైనది. 'అన్వేషిత' వంటి రహస్యప్రధానమైన ధారావాహికలను నేటికిని తలచుకొను ప్రేక్షకులున్నారు. కాని ఈ ప్రక్రియకు పుట్టుకతోనే ఒక రోగము కలదు. దాని నిడివిని నిర్ణయించునది కథ కాదు. ప్రేక్షకసంఖ్యను గణించు అంకెలు. అంకె పెరిగినచో కథ సాగును, తగ్గినచో హఠాత్తుగా ముగియును. నటుడు మానుకొనినచో పాత్ర దేశాంతరము పోవును, లేదా మరియొక ముఖముతో తిరిగి వచ్చును. మొదటి నెలలో చూపిన రక్తపు మరక రెండవ యేట వ్రాయువానిని బంధింపదు. అతడు దానిని చూచియే యుండకపోవచ్చును. అట్టిచోట ప్రేక్షకుని ఊహ ఎంత పదునైనదైనను నిలుచుటకు చోటు లేదు. తప్పు ప్రేక్షకునిది కాదు.

పాశ్చాత్యదేశములలో ఈ రోగము ఎంత ఘనముగా వెలసినదో 'డల్లాస్' అను అమెరికా ధారావాహిక చూపినది. 1980 మార్చి 21న అందలి దుష్టనాయకుని ఎవరో కాల్చిరి. కాల్చినదెవరో నవంబరు 21వ తేదీ వరకు చెప్పలేదు. ఎనిమిది నెలలు ప్రపంచము ఊహించుచు కూర్చున్నది. రహస్యము బయటపడకుండుటకై నిర్మాతలు వేర్వేరు పాత్రలు కాల్చినట్లు వేర్వేరుగా చిత్రీకరించి దాచిరి. కాల్పబడినవాడు తన్ను తానే కాల్చుకొనినట్లు కూడ ఒకటి తీసిరట! వ్యాపారదృష్టితో ఇది చాతుర్యమే. విమర్శదృష్టితో చూచినచో కథ తన బండారమును తానే బయటపెట్టుకొనినది. ఎవరిని హంతకునిగా చూపినను సరిపోవు కథలో ఏ ఆధారమునకును విలువ లేదు. రహస్యమును దాచుట వేరు, ఆధారమే లేకుండుట వేరు.

దీనికి ఎదురుగా నిలుచు ఉదాహరణ చార్లెస్ డికెన్సు కడపటి నవల 'ఎడ్విన్ డ్రూడ్ రహస్యము'. పండ్రెండు భాగములుగా తలపెట్టిన ఆ నవల ఆరు భాగములు వ్రాయబడునప్పటికి, 1870 జూన్ 9న, ఆ మహారచయిత కన్నుమూసెను. అది మొదలు నేటివరకు పాఠకులు మిగిలిన సగమును ఊహించుచునే యున్నారు. 1914లో లండనులో నవలలోని అనుమానితునిపై ఉత్తుత్తి న్యాయవిచారణ జరిపినప్పుడు చెస్టర్టన్ న్యాయమూర్తిగాను, బెర్నార్డ్ షా జ్యూరీ పెద్దగాను కూర్చుండిరి. వినోదమే యైనను ఇది ఎట్లు సాధ్యమైనది? వ్రాయబడిన సగములోని ప్రతి గుర్తును రచయిత బుద్ధిపూర్వకముగా ఉంచెనను నమ్మకము పాఠకులకు ఉండుటచేతనే. ఆ రచయితదే 'బార్నబీ రడ్జ్' ఇంకను భాగములుగా వెలువడుచుండగా 1841లో ఎడ్గార్ అలన్ పో హంతకుడెవరో ముందే పసిగట్టి ప్రకటించెను. కొన్ని వివరములలో అతని ఊహ తప్పినది. తప్పినచోట్ల రచయిత నిర్వహణలోనే లోపమున్నదను ధోరణి పో విమర్శలో కనబడును. ఊహించు ప్రేక్షకులందరికిని ఈ జబ్బు కొంత ఉండనే యుండును.

ఇక 2015 జూలై 10న విడుదలైన 'బాహుబలి' ప్రథమభాగము. దర్శకుడు రాజమౌళి జన్మస్థలము రాయచూరు జిల్లాలోని అమరేశ్వర క్యాంపు. తుంగభద్ర నీటివెంట వచ్చిన తెలుగు రైతుల శిబిరములతో నిండిన సీమ యది. చిత్రాంతమున సేవకుడు కట్టప్ప తాను ప్రాణముగా పెంచిన అమరేంద్ర బాహుబలిని వెన్నుపోటు పొడుచును. కారణము చెప్పకయే తెర పడును. ఉత్తరభాగము 2017 ఏప్రిల్ 28 వరకు రాలేదు. ఇంచుమించు ఇరువదిరెండు నెలలు దేశము 'కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపెను' అను ప్రశ్నతో కాలము గడపినది. కట్టప్పను బెదిరించిరని కొందరు, బాహుబలియే తన్ను చంపుమని కోరెనని కొందరు, అసలతడు చావనే లేదని కొందరు వాదించిరి.

ఇచట గమనింపవలసినది ప్రశ్నయొక్క రూపము. హతుడెవరో తెలియును, హంతకుడెవరో తెలియును, తానే చంపితినని హంతకుడు ఒప్పుకొనుచున్నాడు. తెలియనిది కారణమొక్కటే. ఇది డిటెక్టివు నవల ప్రశ్న కాదు, నాటకప్రశ్న. బళ్లారి దీనిని బాగుగా ఎరుగును. ధర్మవరము రామకృష్ణమాచార్యులు (1853–1912) సరసవినోదినీ సభ ద్వారా ప్రదర్శించిన నాటకములకు వచ్చిన జనమునకు కథ ముందే తెలియును. ఏమి జరుగునో చూచుటకు వారు రాలేదు. అట్లు జరుగుటకు మనుష్యులలో ఏమి పనిచేసినదో చూచుటకు వచ్చిరి. మేనల్లుడు బళ్లారి రాఘవ (1880–1946) అభినయమునకు కీర్తి వచ్చినదియు ఈ 'ఏల' యను ప్రశ్నకు ముఖముతోను కంఠముతోను సమాధానము చెప్పుటవలననే.

అందును 'విషాద సారంగధర' ప్రత్యేకముగా స్మరణీయము. రాజరాజనరేంద్రుడు చిత్రాంగి చెప్పిన నిందను నమ్మి నిరపరాధియైన కుమారునకు దండన విధించును. ఆజ్ఞను నెరవేర్చు తలారులకు రాజాజ్ఞ తప్ప వేరు ధర్మము లేదు. అపవాదము, దానిని నమ్మిన పాలకుని తొందరపాటు, ఎదిరింప నేరని సేవకుని చేయి: ఈ మూడింటి గొలుసును ఎరిగిన ప్రేక్షకునకు కట్టప్ప ప్రశ్న అంత దుర్భేద్యము కాదు. ఉత్తరభాగము చెప్పిన సమాధానమును ఇదియే. బిజ్జలదేవుడును భల్లాలదేవుడును పన్నిన కుట్రను నమ్మి శివగామి ఆజ్ఞాపించును, నీవు చంపెదవా, నన్నే చంపుమందువా యని నిలదీయును, కట్టప్ప చంపును. సారంగధర కథను చూచి ఈ కథ వ్రాసిరని దీని భావము కాదు. రెండును ఒకే అచ్చున పోసినవని మాత్రమే.

అంతకంటె ముఖ్యము, సమాధానమునకు ఆధారము ప్రథమభాగముననే ఉండుట. అస్లమ్ ఖాన్ అను వర్తకుడు కట్టప్పకు స్వేచ్ఛ కొని యిచ్చెదననగా, తన పూర్వులు సింహాసనమునకు దాస్యము చేసెదమని ప్రమాణము చేసిరని అతడు నిరాకరించును. ఆ వర్తకపాత్రను కన్నడ నటుడు సుదీప్ ధరించుటచే చాలమంది దృష్టి నటునిపై నిలిచి మాటపై నిలువలేదు కాబోలు. ఈ ఒక్క సన్నివేశమును పట్టుకొనినవారు 'ఆజ్ఞవలననే చంపెను' అను నిశ్చయమునకు సులభముగా వచ్చిరి. బెదిరింపు పక్షము అపోహచే తొలగిపోవును. ప్రాణభయమునకు లొంగువాడు స్వేచ్ఛను కాదనడు. మిగిలినది ఆజ్ఞ ఎవరిదను ప్రశ్న. చిత్రము నిజముగా దాచినది అదియొక్కటే.

నిర్వహణలో లోపము లేకపోలేదు. ప్రథమభాగమున ధర్మదేవతవలె నిలిచిన శివగామి, రెండవదానిలో దేవసేన వివాహవిషయమున మాట పట్టింపుకు పోయి, ఆపై కుట్రను ఇట్టే నమ్ముట కొంత తొందరగా నడచినది. కట్టప్ప చేతిని సమర్థించుటకు చూపిన శ్రద్ధ శివగామి మనస్సును సమర్థించుటలో చూపలేదు. చిత్రాంగి మాటను నమ్మిన రాజరాజనరేంద్రునికి వార్ధక్యమును, యువతియైన భార్యపై మోహమును కారణములుగా గలవు. శివగామికి అభిమానభంగమొక్కటే దిక్కైనది. ఊహించినవారిలో కొందరు సమాధానము విని పెదవి విరిచిరనిన, వారు పో వలె తమ ఊహయే మేలని మొండికెత్తిరని త్రోసివేయరాదు.

సమాధానము రాబోవు వేళ కర్ణాటకమున మరియొక చిక్కు వచ్చినది. కట్టప్ప వేషధారి సత్యరాజ్ తొమ్మిదేండ్ల క్రిందట కావేరీజలవివాదమున పలికిన మాటలకు ఆగ్రహించిన కన్నడసంఘములు చిత్రమును అడ్డగించి, విడుదలదినమున బెంగుళూరు బందుకు పిలుపిచ్చినవి. రాజమౌళి కన్నడమున విజ్ఞప్తి చేసెను. 2017 ఏప్రిల్ 21న సత్యరాజ్ విచారము తెలుపగా ఆందోళన విరమింపబడినది. ఆ కొలది దినములు సరిహద్దు ప్రేక్షకుని స్థితి విచిత్రము. అతని ప్రశ్నకు సమాధానము ఎల్లకు ఆవల గుంతకల్లులోను ఆదవానిలోను దొరకును, తన జిల్లాలో దొరకునో లేదో తెలియదు. కట్టప్ప ఏల చంపెనని రెండేండ్లు అడిగినవాడు, కట్టప్ప ఏల క్షమాపణ చెప్పవలసివచ్చినదని అడుగవలసివచ్చెను. చిత్రము నిర్ణీతదినముననే వచ్చినది. పరభాషాచిత్రములను కన్నడమునకు మార్చి ప్రదర్శింపరాదను అలిఖితనియమము అప్పటికింకను సడలకపోవుటచే, కన్నడిగులును దానిని పరభాషలోనే వినిరి. రూపనగుడి సీమలోని తెలుగువానికి ఆ అవసరము కలుగలేదు.