తీగ అందరిది, సూచన కొందరిదా?

పత్తియు, మిరపయు పండు గుంటూరు, ప్రకాశం మైదానములలో నేడు పెక్కిండ్లకు విద్యుత్ స్తంభమునుండి రెండు తీగలు వచ్చుచున్నవి. ఒకటి దీపమునకు, రెండవది వార్తకు. ఈ రెండవ తీగను ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర ఫైబర్‌నెట్ సంస్థ నేల త్రవ్వి పూడ్చక, స్తంభములమీదుగా సుమారు 24 వేల కిలోమీటర్ల పొడవున నడిపినది. 2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ దీనిని ప్రారంభించిరి. ఆరంభమున నెలకు 149 రూపాయలకే ఇంటర్నెట్, టెలివిజన్, టెలిఫోను మూడును లభించెను. ఇంటింటికి సంధానము నిచ్చు పని స్థానిక కేబుల్ నిర్వాహకులకు అప్పగింపబడెను. త్రవ్వకపు ఖర్చు తప్పినది. గాలివానకు తీగ తెగు భయము మాత్రము మిగిలినది. ఇంతవరకు యోచన మెచ్చదగినదే.

ఏ సంస్థ కేబులైనను, చిక్కు గడప దాటిన పిదపనే కనబడును. కంప్యూటరులో లినక్సు ఉన్నచో, "ఇందులో నెట్టు రాదండీ" అనుమాట వినబడుట కద్దు. ఈ మాట శాస్త్రమునకు నిలువదు.

తీగలో వచ్చునది వెలుగు. ఇంటిలోని పెట్టె దానిని విద్యుత్ సంకేతములుగా మార్చి, ఈథర్నెట్ తీగద్వారా కంప్యూటరున కందించును. అవతల నున్నది విండోసా, లినక్సా యని ఆ పెట్టె అడుగదు. 1991లో ఫిన్లండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ప్రారంభించిన లినక్సు నేడు ప్రపంచములోని సర్వర్లలో అధికభాగమును నడుపుచున్నది. ఇంటర్నెట్ దానికి క్రొత్త కాదు.

తెలిసికొనవలసినది ముఖ్యముగా ఒక్కటే: వాడుకరి పేరును, సంకేతపదమును ఎవరు పంపవలెను? పెట్టెయే పంపునట్లు అమర్చినచో, అది డీహెచ్‌సీపీ పద్ధతిచే కంప్యూటరునకు చిరునామా నిచ్చును. తీగ తగిలించుటతో పని ముగియును. పెట్టె వారధిగా మాత్రమే ఉన్నచో, కంప్యూటరే వానిని పంపవలెను. ఈ పద్ధతి పేరు పీపీపీఓఈ. దీని నియమములు 1999లోనే బహిరంగముగా ప్రకటింపబడినవి. లినక్సు నెట్‌వర్కు అమరికలలో దీనిని ఎన్నుకొని, ఆ రెండు మాటలు నింపిన చాలును.

ఇచట ఒక మెలిక కలదు. ఈథర్నెట్ పొట్లములో మామూలుగా 1500 బైట్లు పట్టును. ఈ పద్ధతి తన గుర్తులకు 8 బైట్లు తీసికొనగా మిగులునది 1492. మిరపబస్తాలో మూతి కుట్టుటకు చోటు విడువవలసినట్లే, ఎమ్‌టీయూ అను అమరికను 1492కు తగ్గింపవలెను. లేనిచో కొన్ని పుటలు తెరచుకొని, కొన్ని మధ్యలో ఆగవచ్చును. మరియు కొందరు నిర్వాహకులు కంప్యూటరు గుర్తింపు సంఖ్యను నమోదు చేయుదురు. కంప్యూటరు మారినచో వారికి తెలుపవలెను.

పెట్టె అమరిక, పేరు-సంకేతపదము, ఎమ్‌టీయూ, గుర్తింపు సంఖ్య: ఈ నాలుగును ఒక తెలుగు కాగితముమీద ఇముడును. 'స్వేచ్ఛ' సంస్థ లినక్సునే తెలుగులోనికి తెచ్చియుండగా, ఈ ఒక్క కాగితము భారమా? ఖరీదులేని లినక్సు పాత కంప్యూటరునకు ప్రాణము పోయును. యార్డులో మిర్చి ధర చూచుకొను రైతునకును, చదువుకొను అతని బిడ్డకును అది చాలును. "రాదు" అను ఒక్కమాటకు లోబడినచో, ఆ కుటుంబము అక్కరలేని ఖర్చున పడును. ప్రజలకై వేసిన తీగతోపాటు ప్రజలభాషలో సూచనయు అందిననాడే ఆ పని పూర్తియైనట్లు.