మేనరికముతో ఆగిపోవు పాఠము

ఉన్నత తరగతులలో వంశపారంపర్య వ్యాధులను బోధించునపుడు రెండు మాటలు తరచు వినవచ్చును. ఒకటి సిస్టిక్ ఫైబ్రోసిస్ అను వ్యాధి పేరు. రెండవది మేనరికము కూడదను హితవు. రెండును అవసరమే. కాని పాఠము అంతటితో ముగియుట సరికాదు.

మొదటిదానిని చూతము. సిస్టిక్ ఫైబ్రోసిస్‌నకు కారణమగు జన్యువును 1989లో 7వ క్రోమోసోముపై గుర్తించిరి. దాని మాంసకృత్తులో 508వ స్థానమున ఫినైల్ ఎలనిన్ లోపించుట ఐరోపా సంతతి రోగులలో ప్రధాన కారణము. మన దేశపు రోగులలో ఆ మార్పు పాలు తక్కువ. ఇతరమగు అరుదైన మార్పుల పాలు హెచ్చు. కావున ‘అరుదు’ అనినంతనే ‘ఎవరిలో?’ అని ప్రశ్నింపవలెను. మన పాఠములలో లోపించినది ఈ ప్రశ్నయే.

దీనికి తగిన ఉదాహరణము తెలుగువారిలోనే కలదు. శస్త్రచికిత్సకు ముందు శ్వాసనాళములోనికి గొట్టము దింపుటకై కండరములను సడలించు సక్సినైల్ కోలిన్ అను మందు నిత్తురు. రక్తములోని బ్యూటిరిల్ కోలినెస్టరేజ్ అను ఎంజైము దానిని విచ్ఛిన్నము చేయగా, కొద్ది నిమిషములలో రోగి మరల ఊపిరి తీయును. తల్లి నుండియు తండ్రి నుండియు లోపముగల జన్యువే వచ్చినవానిలో ఈ ఎంజైము పనిచేయదు. నిత్యజీవితములో అతనికి ఏ బాధయు నుండదు. కాని ఆ మందు పడినచో గంటల తరబడి ఊపిరి స్తంభించును. కృత్రిమశ్వాస నిచ్చుచుండిన కోలుకొనును, లేనిచో ప్రాణాపాయము.

ప్రపంచమున మిక్కిలి అరుదైన ఈ లోపము ఆర్యవైశ్యులలో అంత అరుదు కాదు. ఎంజైములో 307వ స్థానమున ల్యూసిన్‌కు బదులు ప్రోలిన్ ఉండుటయే వారిలో దీనికి కారణమని కోయంబత్తూరు భారతియార్ విశ్వవిద్యాలయమునకు చెందిన ఆర్. బూపతియు, సహచరులును 2006లో ప్రకటించిరి.

ఇది మేనరికపు ఫలమేనా? విద్యార్థులు మొదట అట్లే అందురు. 2009లో ‘నేచర్’ పత్రికలో హైదరాబాదు సి.సి.ఎం.బి.కి చెందిన కుమారసామి తంగరాజ్, లాల్జీ సింగ్, అమెరికాకు చెందిన డేవిడ్ రైక్ మొదలగువారి వ్యాసము మరియొక కారణమును చూపినది. 25 సమూహములకు చెందిన 132 మంది జన్యువులను పరిశీలించి, పెక్కు సమూహములు కొద్దిమంది పూర్వుల నుండి వృద్ధిచెందినవని వారు తేల్చిరి.

మన అనంతపురపు రైతునకు ఇది సులభముగా బోధపడును. కరవు ఏట నాలుగు పిడికిళ్ల వేరుసెనగ విత్తనము మాత్రమే మిగిలినదనుకొనుడు. పిమ్మట వానలు కురిసి ఎన్ని ఎకరములు పండినను ఆ నాలుగు పిడికిళ్లలోని లోపము చేనంతట వ్యాపించును. సమూహములోపలనే పెండ్లిండ్లు జరిగినచోట దంపతులు దగ్గరి చుట్టములు కాకున్నను ఒకే పూర్వుని లోపము ఇద్దరికిని సంక్రమించి యుండవచ్చును. మేనరికము మానినంత మాత్రమున ఈ అపాయము తొలగదు.

ఇది ఒక్క సమాజపు మాట కాదు. 2017లో ‘నేచర్ జెనెటిక్స్’ ప్రకటించిన వ్యాసమునకై దక్షిణాసియాలోని 260కి పైగా సమూహములను పరిశీలింపగా, 81 సమూహములలో ఈ లక్షణము ఫిన్లండు ప్రజలలో కంటె ప్రబలముగా కనుపించినది.

ఈ వ్యాసములు చేసిన మేలు గొప్పది. అయినను వాని పరిమితిని మరువరాదు. అవి సమూహపు స్థితిని తెలుపునే గాని ఫలానా మనిషి రక్తములో ఏమున్నదో చెప్పవు. అది తెలుపునది రక్తపరీక్షయే. కులమునే రోగముగా నెంచుట అజ్ఞానము. పూర్వమెన్నడో కలిగిన మార్పునకు నేటివారు దోషులు కారు.

కావున ఉపాధ్యాయులు మేనరికముతో పాఠము ముగింపక, మరియొక మాట చేర్చవలెను. శస్త్రచికిత్సకు పోవువారు ‘మత్తు ఇచ్చినపుడు మన యింటివారిలో ఎవరికైన ఊపిరి ఆలస్యముగా వచ్చినదా?’ అని పెద్దలనడిగి వైద్యునకు తెలుపవలెను. ఆ మందునకు బదులు వేరు మందులు కలవు. ఒక్క ప్రశ్న ఒక ప్రాణమును నిలుపవచ్చును.