పలక దెబ్బకు పన్నెండు సెకన్లు

తిరుపతి గంగజాతరలో ఏ వీధిలో నిలబడ్డా ఇప్పుడు రెండు రకాల పలకలు, అంటే డప్పులు, వినిపిస్తాయి. ఒకటి మంట దగ్గర కాగి, పుల్ల పడగానే ఖణేల్‌మనే తోలుపలక. ఇంకొకటి ఆర్కెస్ట్రా బండి మీద ప్యాడ్ కొడితే స్పీకర్లలోంచి వచ్చే పలక. ఈ రెండోదీ గాల్లోంచి పుట్టింది కాదు. ఎవరో కొట్టిన దెబ్బను ఇంకెవరో పట్టి దాచారు. అలా శబ్దాన్ని పట్టి, మీట నొక్కినప్పుడల్లా తిరిగి పలికించే పరికరమే శాంప్లర్. పాత శాంప్లర్‌తో పాటలు కట్టుకోవడం నాకు ప్రాణమంత ఇష్టమైన పని.

నా దగ్గరున్నది అకాయ్ ఎస్900. 1986లో జపాన్‌లో తయారైన మోడల్. చెన్నైలో ఒక స్టూడియో వాళ్లు పాత సామాను అమ్మేస్తుంటే తెచ్చుకున్నాను. మెమరీ 750 కిలోబైట్లు. ఇప్పటి ఫోనుతో తీసిన ఒక్క ఫొటో కూడా మామూలుగా అందులో పట్టదు. పూర్తి నాణ్యతతో రికార్డు చేస్తే మొత్తం కలిపి 12 సెకన్లకు మించదు. శబ్దం హెచ్చుతగ్గులను సీడీ 65,536 మెట్లలో కొలిస్తే ఇది 4,096 మెట్లలోనే కొలుస్తుంది. అందుకే దీంట్లోంచి వచ్చే వాద్యానికి కాస్త గరుకుదనం ఉంటుంది. అదే కాలంలో న్యూయార్క్ హిప్‌హాప్ కుర్రాళ్ల చేతిలో ఉన్న ఎస్‌పీ-1200 శాంప్లర్‌కు దక్కింది 10 సెకన్లే. వాళ్లు నిమిషానికి 33 చుట్లు తిరగాల్సిన రికార్డును 45 చుట్లు తిప్పి, కొద్ది చోటులోకి ఎక్కించి, ఆపైన మెషిన్‌లో శ్రుతి దించుకునేవాళ్లు. ఆ పొదుపులోంచి వచ్చిన గరుకే ఆ సంగీతానికి గుర్తయింది.

పలకను ఈ పెట్టెలోకి ఎక్కించాలంటే ముందు దాన్ని విడదీసి వినాలి. ఒక చేతిలో పొట్టి సిర్ర, ఇంకో చేతిలో సన్నటి సిటికెన పుల్ల. సిర్ర దెబ్బ మందంగా, కిందిస్థాయిలో మోగుతుంది. పుల్ల దెబ్బ పదునంతా పైస్థాయిలో ఉంటుంది. ఎస్900 శబ్దాన్ని సెకనుకు 40,000 సార్ల దాకా కొలవగలదు, ఎన్నిసార్లో మనమే నిర్ణయించుకోవచ్చు. సిర్ర దెబ్బకు 10,000 చాలు, నాలుగో వంతు చోటులో సర్దుకుంటుంది. పుల్ల దెబ్బకు అలా కోత పెడితే పదును పోతుంది, కాబట్టి దానికి పూర్తి 40,000 ఇవ్వాల్సిందే. తెర మీద శబ్దం బొమ్మ కనబడదు, అంకెలే ఉంటాయి. దెబ్బ ఎక్కడ మొదలైందో చెవితో వెతికి, చక్రం తిప్పుతూ కత్తిరించాలి. పిసరంత లోపలికి జరిగితే పుల్ల తోలును తాకిన క్షణమే తెగిపోతుంది.

చంద్రగిరి వైపు ఒక పల్లెలో రికార్డు చేస్తున్నప్పుడు పలక కొట్టే పెద్దాయన మధ్యలో ఆపేశాడు. ‘‘ఇంకా కాగలేదు, ఉండు సామీ’’ అని ఎండుగడ్డి మంట వేసి, పలకను తిప్పితిప్పి కాచి, వేలితో తట్టి చూసుకుని మళ్లీ మొదలుపెట్టాడు. తోలులో చెమ్మ ఆరితే బిగువు పెరుగుతుంది, శ్రుతి లేస్తుంది. వాయించేకొద్దీ, మంచు పడేకొద్దీ మళ్లీ సడలుతుంది. రాత్రంతా ఆయన ఆ బిగువును చేత్తో కనిపెట్టుకునే ఉంటాడు. నా పెట్టె ఒక్క క్షణపు బిగువునే దాచుకుంటుంది. మెల్లగా నొక్కితే ఒక దెబ్బ, గట్టిగా నొక్కితే ఇంకో దెబ్బ పలికేలా అమర్చవచ్చు. నాలుగైదు దెబ్బలను మార్చిమార్చి వాడవచ్చు. కానీ జాతరలో ఎదురుగా వేషం వేసుకుని ఆడుతున్న మనిషి అడుగు చూసి దరువు మార్చడం దానికి రాదు.

అయినా ఈ పని మీద నాకు గౌరవం తగ్గలేదు. పాతికేళ్లు జాతరల్లో విన్న పలకలో సిర్ర ఎక్కడుందో, పుల్ల ఎక్కడుందో నాకు విడిగా వినిపించింది ఈ పెట్టె ముందు కూర్చున్నాకే. ఇంట్లో, రాత్రిపూట, వీణ పక్కనో కీబోర్డు పక్కనో పలకను పెట్టి కొత్త పాట కట్టుకునే వీలు ఇదే ఇచ్చింది. ఆ పాట జాతర పాటకు పోటీ కాదు, వేరే పాట.

పోటీ ఎక్కడ మొదలవుతుందంటే, పలక మనిషి నిలబడాల్సిన చోట ప్యాడ్ నిలబడినప్పుడు. బజార్లో దొరికే రెడీమేడ్ టోన్లలో ‘డప్పు’ అని వాద్యం పేరుంటుంది, వాయించినవారి పేరుండదు. ఖర్చు తగ్గుతుందని జాతర కమిటీలు ప్యాడ్లతో సరిపెట్టుకుంటే, ఆ పూట కూలి పోయేది ఆ దెబ్బను నేర్పిన ఇళ్లకే. అందుకే నేనొక కట్టుబాటు పెట్టుకున్నాను. వాయించినవారికి డబ్బిచ్చే రికార్డు చేస్తాను. దెబ్బలు దాచుకునే ఫ్లాపీ మీద వాద్యం పేరుతో పాటు వారి పేరూ రాస్తాను. జాతరకు మాత్రం ఆ ఫ్లాపీని తీసుకెళ్లను. శాంప్లర్ వాడే పిల్లలు మన జిల్లాల్లో పెరుగుతున్నారు. వాళ్లకు నేను చెప్పేదీ ఇదే: దెబ్బ కావాలంటే కొట్టేవాళ్ల ఊరికి వెళ్లండి, కూర్చుని వినండి, అడిగి తీసుకోండి. జాతరకు పిలవాల్సి వస్తే వాళ్లనే పిలవండి.