కుండ, గడియారం, ఓ రిజెక్ట్ పీసు

చిట్కుల్‌లో మా పక్కింటి అమ్మాయి డిగ్రీ చదువుతోంది. మొన్న ఆదివారం గైడు పట్టుకొచ్చి, "అంకుల్, ఇది జర చెప్తరా?" అంది. మతతత్త్వశాస్త్రం పాఠం. పేజీ మధ్యలో నిలువు గీత. ఎడమవైపు 'పాశ్చాత్యులు: తర్కం', కుడివైపు 'ప్రాచ్యులు: అనుభూతి'. ఒళ్లు మండింది. రెండు గళ్ల పట్టికల మీద నా కోపం ఈ కాలమ్ చదివేవాళ్లకు కొత్తేమీ కాదు.

ఎడమ గడిలో విలియం పేలీ గడియారం ఉంది. దారిలో గడియారం దొరికితే దాన్ని చేసినవాడొకడు ఉండే ఉంటాడంటాం, లోకం సంగతీ అంతేనని ఆయన 1802లో రాశాడు. కుడి గడిలో మాత్రం తర్కమన్న మాటే లేదు. మరి మన అన్నంభట్టు ఏమైపోయాడు? పదిహేడో శతాబ్దపు తెలుగువాడు. సంస్కృతంలో తర్కం నేర్చుకునేవాళ్లు ఇవాళ్టికీ ఆయన 'తర్కసంగ్రహం'తోనే మొదలుపెడతారు. దానికి తానే రాసుకున్న 'దీపిక'లో ఈశ్వరుణ్ణి కుండతో నిరూపిస్తాడు. భూమి, మొలక ఇవన్నీ కార్యాలు. కార్యానికి కర్త ఉండాలి, కుండకు కుమ్మరి ఉన్నట్టు. గడియారం దొరక్కముందే మన కుండ సారె మీదుంది.

కుండ అనగానే నాకు పాశమైలారం గుర్తొచ్చింది. అక్కడో ఫ్యాక్టరీలో పదకొండేళ్లు ఇన్‌స్పెక్షన్ బల్ల దగ్గర కూర్చున్నాను. చేతిలో వెర్నియర్, ముందు ట్రే నిండా పీసులు. పోత ఫస్ట్ షిఫ్ట్‌ది, బోరు సెకండ్ షిఫ్ట్‌ది, గ్రైండింగ్ నైట్ షిఫ్ట్‌ది. ఓ రోజు బోరు అర మిల్లీమీటరు పక్కకు పోయిన పీసు దొరికింది. సూపర్‌వైజర్ దాన్ని పైకెత్తి, "ఎవడు చేసిండ్రా ఇది?" అని అరిచాడు. బోరు వేసినవాడు ఫిక్చర్‌ను చూపించాడు. ఫిక్చర్ చేసినవాడు పని మానేసి ఏడాదైంది. ఇంకొకడు అసలు పోతే వంకరన్నాడు. చివరికి రిజెక్ట్ కార్డులో 'చేసినవారు' అన్న గడి ఖాళీగా వదిలేసి సంతకం పెట్టాను.

పాశ్చాత్య తత్త్వవేత్త హ్యూమ్ వేలు పెట్టింది సరిగ్గా ఆ ఖాళీ గడిలోనే. ఓడ కట్టడానికి ఎంతోమంది చేతులు కావాలి గదా, లోకాన్ని ఒక్కడే చేశాడని ఎలా అంటారన్న ప్రశ్న ఆయన పోయాక, 1779లో అచ్చయిన సంభాషణల్లో ఉంది. అంతకు ఆరేడు వందల ఏళ్ల ముందే శ్రీభాష్యంలో రామానుజులు అదే పని చేశారు. భూమీ సముద్రాలూ కార్యాలే అనుకున్నా, వాటన్నిటినీ ఒకే కాలంలో ఒకే కర్త చేశాడని అందువల్ల తేలదన్నారు.

నాకు హుషారొచ్చింది. "ఆ గీత కొట్టెయ్ బిడ్డా, రెండు దిక్కులా ఉన్నది ఒక్కటే" అన్నాను.

"మరి రామానుజులు దేవుడు లేడన్నరా అంకుల్?"

నోట మాట రాలేదు. అనలేదు మరి. వాదం కూలాక హ్యూమ్ ఆ సందేహంలోనే ఉండిపోయాడు. రామానుజులు దాన్ని కూల్చింది శాస్త్రానికి చోటు చెయ్యడానికి. దేవుడు ఊహకు అందడు, వేదం చెబితేనే తెలుస్తాడని ఆయన పట్టు. యుక్తి ఎంతవరకు, శ్రుతి ఎక్కణ్ణుంచి అన్న ఈ పేచీ మీదే, శంకరులను ముందు పెట్టుకుని, మన సంగం జాగర్లమూడి కొత్త సచ్చిదానందమూర్తి 1959లో ఇంగ్లిషులో ఓ పుస్తకమే వేశారు. మాట ఒకటే అయినంత మాత్రాన మనుషులు ఒకటి కారు.

పట్టికలొద్దని ఇన్నేళ్లు పోరిన నేనే స్కేలు అడిగి తీసుకున్నాను. అన్నంభట్టునూ పేలీనీ ఒక గడిలో కూర్చోబెట్టాను. హ్యూమ్, రామానుజులు పక్కపక్కనే, మధ్యలో పెన్సిల్ గీత. గీత గీయడం తప్పు కాదు, చదవకముందే గీయడం తప్పు.

అమ్మాయి శ్రద్ధగా చూసింది. పరీక్షలో మాత్రం గైడులో ఉన్నదే రాస్తుందట. మార్కులు దానికే వేస్తారట.